బారెడు బాట

ఎండ నడినెత్తికి వచ్చేసరికి కందకం గుట్టను దాదాపు చుట్టేసింది. మిగిలింది మేకల బాట ఒక్కటే, బారెడు వెడల్పున. దేవమ్మ గడ్డపారతో తవ్వుతోంది. హలీమాబీ ఆ మట్టిని తట్టకెత్తి గట్టున పోస్తోంది.

కొత్తకోట వైపు నుంచి క్రషర్ మోత ఆగకుండా వినిపిస్తోంది. అక్కడి గుట్టను కంకర చేసి అమ్ముకుంటున్న కంపెనీయే, ఈ గుట్టను అడవి చేస్తానంటూ డబ్బిచ్చింది. మొక్కలు వచ్చాయి. కంపెనీ పేరు రాసిన బోర్డు వచ్చింది. రోజుకు ఎనభై రూపాయల కూలి వచ్చింది. వానలు లేని ఏడాది, ఆ కూలిని కాదనేదెవరు? తమ మేకలు దాటలేని లోతును తామే తవ్వుతున్నామని కూలీలందరికీ తెలుసు.

"దేవక్కా, నీ మేకలకు రెక్కలు గిట్ల మొలిచినయా? రేపు గుట్టెట్ల ఎక్కుతయి?" అంది హలీమాబీ.

దేవమ్మ నవ్వలేదు. ఆమె ఇంటికి ఆ మందే ఆధారం. మందకు ఈ గుట్టే మేత.

జీపు ఆగింది. కంపెనీ సొమ్ముతో పని చేయిస్తున్న సంస్థ తాలూకు చంద్రశేఖర్ దిగాడు.

"జల్ది కానియ్యమ్మా. ఫోటోలకు పెద్దసార్లు వస్తుండ్రు. ఆ బాట గూడ తవ్వెయ్."

"మరి మేకలు సారూ?"

"మూడేండ్లు ఓర్చుకో. చెట్లు పెరిగినంక గుట్ట మీ ఊరిదే."

"మూడేండ్లు ఏం తింటయి, బోర్డునా?"

హలీమాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అమ్మెయ్. సంఘంల లోన్ ఇప్పిస్త. ఊరు ఒప్పుకున్న పనే గదా ఇది!"

"ఊరంటే ఎవరు సారూ? నన్నెవరూ అడగలె." దేవమ్మ రోడ్డు వైపు చూసింది. అక్కడ కందకం లేదు. గొలుసు వేసిన ఇనుప గేటు ఉంది. "మేకకు తోవ లేదంటిరి. గాడ రెండు లారీల తోవ ఎందుకు ఇడిసిండ్రు?"

"నీళ్ల ట్యాంకర్ రావద్దా?"

"ఒక్క ట్యాంకర్‌కు గంత తోవనా? కొత్తకోట గుట్టకు గూడ కంకర లారీలు గసొంటి తోవలనే వచ్చినయి."

చంద్రశేఖర్ గడియారం చూసుకుని, తవ్వమన్నట్టు బాట వైపు చెయ్యి చూపాడు. క్రషర్ మోత వినిపిస్తూనే ఉంది.

దేవమ్మ గడ్డపారను బాట నడుమ దించి, దాని పక్కనే కూర్చుంది.

"నేను తవ్వ సారూ."

"కూలి పోతది దేవమ్మా!"

"పోనీ."

హలీమాబీ చేతిలోని తట్టను చూసింది. నిండుగా ఉంది. గట్టున పోయలేదు; బాట మీదే కుమ్మరించి, తట్ట బోర్లించి, దేవమ్మ పక్కన కూర్చుంది.

రోడ్డు మీద కార్ల దుమ్ము లేచింది. గుట్ట మీది నుంచి దేవమ్మ భర్త పెంటయ్య మందను నీళ్లకు మళ్లించాడు. ముందు నడిచే మేక, మెడలో గంట మోగుతుండగా, బాట పట్టింది.