ఆరున్నొక్కటి

వరంగల్‌లో బియ్యం అమ్ముకునేవాడికి హామ్ రేడియో ఎందుకని అడక్కండి. మా ఆవిడ భవాని అడిగి అడిగి అలిసిపోయింది. ప్రభుత్వ పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, డాబా మీద యాంటెన్నా తీగ కట్టిన మగాణ్ణి నేను. ఆ తీగ మీద ఆమె తడి చీరలు ఆరేస్తే కిమ్మనలేని మగాణ్ణి కూడా నేనే.

ఇంట్లో కూర్చుని ఊరూరివాళ్లతో గాల్లో మాట్లాడే ఈ విద్య నేర్పింది కాజీపేట సారంగపాణన్న. రైల్వే సిగ్నల్ విభాగంలో ఉద్యోగం. దోమ చప్పుడు విని అది ఏ ఊరి దోమో చెప్పగల చెవులు ఆయనవి. మొన్నటి రేడియో పోటీలో అలాంటి మనిషిని ఓడించి నేను ఫస్టు కొట్టాను! పోటీ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఒక ఆదివారం ఎంతమందితో మాట్లాడితే అన్ని పాయింట్లు. మాట్లాడిన ప్రతివాడికీ, వాడు మనకు ఎన్నోవాడో ఆ వరస నంబరు ఇంగ్లీషులో చెప్పాలి, అవతలివాడు సరిగ్గా రాసుకోవాలి. తర్వాత నిర్వాహకులు ఇద్దరి చిట్టాలూ పోల్చి, తప్పు రాసినవాడికి పాయింట్లు కోసి, పైన జరిమానా వేస్తారు.

చెక్క షీల్డు వచ్చింది. గల్లాపెట్టె వెనక తగిలించి, అడిగినవాళ్లకు ఒకసారి, అడగనివాళ్లకు రెండుసార్లు చూపించాను. "కిలో బియ్యమడిగితే గంటసేపు రేడియో కథ చెప్తాండు" అని బజారంతా నవ్వినా నాకు సిగ్గు రాలేదు.

నిన్న పొద్దున బియ్యానికొచ్చిన భద్రమ్మతో బోణీ బేరం నడుస్తుండగా సారంగపాణన్న వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"సేటూ, నా రేడియో అమ్ముతాన. ఎవరన్న తీసుకుంటరేమో జర చూడు."

"ఏమైందే అన్నా?"

"నా చెవులు పోయినయే. నువ్వు చెప్పిన నంబరే తప్పు రాసిన్నట, గా ఒక్కదానికే ఫస్టు పోయింది. దవాఖానకు పోతే డాక్టరు మంచిగనే ఉన్నయంటాండు. నాకైతే నమ్మకం లేదు. రేపు డ్యూటీల గిట్లనే తప్పు వింటే ఎవల పానం మీదికొస్తదో!"

పోటీ మొత్తం ఫోనులో రికార్డు చేసుకున్నాడట, పెట్టి వినిపించాడు. గరగర మధ్య నా గొంతే, భలే హుషారుగా: "సిక్స్ అండ్ వన్!"

"నాకు అరవై ఒకటనే ఇనవడ్తాంది. నువ్వు పంపిన చిట్టాల ఇంకేదో ఉన్నదట."

తప్పెవరిదో నాకు తెలిసిపోయింది. తాతల నాటి నుంచీ మా దుకాణంలో కొలతకు ఒకటి అనం, లాభం అంటాం. ఆరు తర్వాతి అంకెనైతే నోట్లోకే రానివ్వం, పలికితే అరిష్టమని. ఆరున్నొక్కటి అంటాం. పోటీ ఊపులో నా దరిద్రపు నాలుక దాన్ని ఇంగ్లీషులోకి కూడా మార్చి పెట్టింది.

నోరు మూసుకుంటే షీల్డు నాది. అబద్ధమెందుకు, దాని వైపు ఓసారి ఆశగా చూసుకున్నాను. బడిలో గోనెసంచి పందెంలో కూడా బోర్లాపడ్డ మొహం నాది, ఇంకో బహుమతి ఈ జన్మకు రాదు. కానీ సారంగపాణన్న చెవి తమ్మె పట్టుకుని లాగి చూసుకుంటున్నాడు, లోపల ఏదో అడ్డుపడిందేమోనని. ఛీ, నా బతుకు! అనిపించింది.

"నీ చెవులకేం కాలేదే! తప్పు నాది. నేను చెప్పింది అరవై ఒకటి కాదు."

"మరెంత?"

"ఆరున్నొక్కటి."

"ఆరు, ఒకటి. అరవై ఒకటే గదనే?"

ఇక లాభం లేదు. భద్రమ్మ ముందు, లక్ష్మీదేవి పటం ముందు, కళ్లు మూసుకుని అరిచాను. "ఏడు! ఏడన్నా, ఏడు!"

ఆయన బిత్తరపోయాడు. "ఓడగొట్టింది చాలక ఏడ్వమంటానవా సేటూ?"

దుకాణం వెనక ఇంట్లోంచి భవాని పకపకా నవ్వింది. అప్పటికి ఆయనకు అర్థమైంది. నవ్వబోయి, చేతుల్లో మొహం పెట్టుకుని నిజంగానే ఏడ్చేశాడు. "మంచిగనే ఉన్నయ్, నా చెవులు మంచిగనే ఉన్నయ్" అంటూ. నిర్వాహకులకు ఇప్పుడే రాస్తానని చెప్పి షీల్డు తీసి ఆయన ఒళ్లో పెడుతుంటే నాకూ ఏడుపు ఆగలేదు.

భద్రమ్మ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"పొద్దుగాల పొద్దుగాల గల్లా కాడ గా అంకె అనుడేంది బిడ్డా? గందుకే గిట్లయింది" అని బియ్యం కొనకుండానే వెళ్లిపోయింది.