పద్దెనిమిది రాళ్ళు

మా బావ లాంచీని ఎవరో కావాలనే ముంచేశారని తేల్చడానికి నాకు పది నిమిషాలు పట్టింది. అది తప్పని తెలియడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నేను చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే ఇదంతా చెప్పుకోవాల్సిన పనే ఉండేది కాదు.

నేను ప్లంబర్ని. ముప్పై ఏళ్ళుగా మా పేటలో కారే ప్రతి కుళాయికీ నేనే దిక్కు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ వాషర్ని. ఏ ఇంటికి వెళ్ళినా ముందు "పది నిమిషాల పని" అంటాను. పది నిమిషాల్లో అవదని నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. అయినా ఆ మాట అనకపోతే వాళ్ళకు తోచదు, నాకూ తోచదు.

మా బావ, అంటే మా అక్క భర్త, దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. నది దాటించే ఏడో నంబరు లాంచీకి ఇరవై ఆరేళ్ళు డ్రైవరుగా చేశాడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుంటాడు. నా నోట్లో నువ్వుగింజ నానదు. మా ఇద్దరి మధ్యా ఇటు మాట అటూ, అటు మౌనం ఇటూ చేరవేస్తూ మా అక్క జుట్టు నెరిసింది.

వంతెన కట్టాక లాంచీలు ఆగిపోయాయి. మిగతా డ్రైవర్లు బస్సులూ వ్యాన్లూ నేర్చుకున్నారు. బావ లాంచీనే ఇంటికి తెచ్చుకున్నాడు. ముప్పై అడుగుల చెక్క పడవ, రెండు పక్కలా పొడుగాటి బల్లలు, చక్రం పక్కన ఇత్తడి గంట. ఇంటి వెనక నది ఒడ్డున ఒక షెడ్డు అద్దెకు తీసుకుని పదకొండేళ్ళు అందులో ఉంచాడు. రోజూ సాయంత్రం వెళ్ళి కాసేపు దాని పక్కన కూర్చుని వచ్చేవాడు. ఏం చేస్తాడని అడిగితే అక్క, "ఏం చేస్తాడు, ఇంట్లో కూర్చున్నట్టే అక్కడా కూర్చుంటాడు" అనేది.

ఈ ఏడాది షెడ్డు యజమాని నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. పాత కలప కొనే మనిషి ఒకడు వచ్చి, టేపుతో పొడవు కొలిచి, పలకల మీద వేలి కణుపులతో తట్టి చూసి వెళ్ళాడు. ఆ పూట బావ అన్నం సగంలో వదిలేసి లేచాడట. అదే వారం రేవు ఆఫీసువాళ్ళు పాత పడవల ఊరేగింపు ప్రకటించారు. ఆదివారం పొద్దున పది గంటలకు, పాత రేవు నుంచి వంతెన కింది కొత్త రేవు దాకా. సొంత ఇంజనుతో, ఎవరి తాడూ అందుకోకుండా చివరిదాకా వచ్చిన చెక్క పడవలకు కొత్త రేవులో శాశ్వతంగా పడవ కట్టుకునే గుంజ ఒకటి కేటాయిస్తారు. లాంచీ చేరితే బతుకుతుంది. చేరకపోతే కట్టెలవుతుంది. అందులో అర్థం కానిదేమీ లేదు.

ఊరేగింపుకి వారం ముందు బావ నలుగురి సాయంతో లాంచీని షెడ్డులోంచి నీళ్ళలోకి దించాడు. మర్నాడు ఇంజను విప్పి వ్యాన్లో వేసుకుని, దాని సంగతి తెలిసిన మెకానిక్కు ఉన్న ఊరికి వెళ్ళాడు. ఎప్పటిలాగే ఎవరికీ ఏమీ చెప్పలేదు. మంగళవారం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, లాంచీ మునిగిపోయిందిరా."

"బావకి చెప్పావా?"

"చెబితే ఆ మనిషి అక్కడే కూలబడిపోతాడు. ముందు నువ్వు రా."

వెళ్ళి చూస్తే ఒడ్డు పక్కన, నడుం లోతులో, అంచుల దాకా నీళ్ళు నింపుకుని ఉంది. లోపల చెయ్యి పెట్టి తడిమితే రాళ్ళు తగిలాయి. ఒక్కోటి రెండు చేతులా ఎత్తాల్సినంత. అటు తొమ్మిది, ఇటు తొమ్మిది.

"అక్కా, ఇది మునగలేదు. ముంచారు."

"ఎవర్రా?"

"గిట్టనివాళ్ళు."

బావకు గిట్టనివాళ్ళెవరూ లేరు. మనిషన్నాక మాట్లాడితే కదా శత్రువులు పుట్టేది. కానీ అప్పుడు నాకు అది తట్టలేదు. షెడ్డు యజమానిని అనుమానించాను, కలపవాణ్ణి అనుమానించాను. ఒక్కో రాయీ ఎత్తి ఒడ్డున పారేస్తూ ఇద్దరినీ వంతులవారీగా తిట్టాను. పడవను ముంచే దొంగవెధవ రాళ్ళ కింద గోనెసంచులు పరిచి, చెక్క గీసుకుపోకుండా అంత పొందిగ్గా ఎందుకు పేరుస్తాడని మాత్రం ఆలోచించలేదు.

బావమరిది బతక్కోరతాడంటారు. నేను మనస్ఫూర్తిగా కోరాను. పెట్రోలుతో నడిచే నా చిన్న మోటారు తెచ్చి నీళ్ళన్నీ తోడేశాను. గొలుసు కప్పీ కట్టి, దుంగల మీద పడవని ఒడ్డుకి లాగించాను. ఎండలో ఆరబెట్టాను. ఆరాక చూస్తే పలకల మధ్య సందులు, కొన్నిచోట్ల గోరు దూరేంత. ఇంత లీకు చూసి ప్లంబరన్నవాడు ఊరుకుంటాడా? రెండు ముద్దలు కలిపి పిసికితే రాయిలా బిగుసుకునే మసాలా మా దగ్గర ఉంటుంది. పైపు పగిలినచోట అది పెడితే పైపైనా మళ్ళీ పగులుతుందిగానీ అక్కడ పగలదు. బుధవారం, గురువారం రెండు రోజులూ కూర్చుని ఒక్క సందు వదలకుండా దాంతో నింపాను. వేలితో నున్నగా రుద్దాను. తెల్లటి గీతలు ముక్కు నుంచి తోక దాకా తీరుగా వచ్చాయి. నా జీవితంలో అంత శుభ్రంగా చేసిన పని ఇంకొకటి లేదు.

"మీ బావ నిన్ను ఉత్తినే వాగుడుకాయ అనుకుంటాడురా" అంది అక్క, మురిసిపోతూ.

బావ అలా అనుకుంటాడని నాకు అప్పుడే తెలిసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఇంజనుతో వ్యాన్ వచ్చింది. బావ దిగాడు, లాంచీని చూశాడు, చుట్టూ ఒకసారి నడిచాడు. తెల్లగీత మీద బొటనవేలి గోరుతో గీకాడు. నేను జరిగిందంతా చెప్పాను, శత్రువుతో సహా.

"రాళ్ళు నేనే పెట్టాను" అన్నాడు.

అక్క చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది.

"పదకొండేళ్ళు ఎండిన చెక్క. నీళ్ళలో వారం నానితే పలకలు ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయి. అందుకని ముంచాను."

పెళ్ళయిన ముప్పై రెండేళ్ళలో బావ ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అక్క కూడా వినలేదట.

"పోనీ ఇప్పుడు మళ్ళీ నానబెడదాం బావా."

"ఉబ్బడానికి నువ్వు చోటు ఉంచలేదు. పలకలు పగిలిపోతాయి."

తల కొట్టేసినట్టయింది. తిడతాడని చూశాను. తిడితే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి, మా అక్క ఏడ్చేది, వ్యవహారం దారిన పడేది. అతను పనిముట్ల పెట్టె తెరిచి ఉలి ఒకటి తను తీసుకుని, ఇంకోటి నాకిచ్చాడు.

ఆ రోజు చీకటి పడేదాకా, మళ్ళీ శనివారం మధ్యాహ్నం దాకా ఆ మసాలా గీకాం. నేను పెట్టినదాన్ని నేనే తిట్టుకుంటూ తవ్వాను. అంత గట్టిగా పెట్టానన్నమాట. మరీ వెడల్పుగా ఉన్న సందుల్లో బావ నూలుదారం కూరి పైన తారు పూశాడు. మిగతావి అలాగే ఉన్నాయి. శనివారం సాయంత్రం ఇంజను బిగించి నీళ్ళలోకి దించాం. ఇంజను ఉంది కాబట్టి ముంచడానికి లేదు. నానడానికి మిగిలింది ఒక్క రాత్రి. వారం పట్టే పని అది.

ఆదివారం పొద్దున పాత రేవులో పదకొండు పడవలు వరసకట్టాయి. అన్నిటికీ మెరిసే వార్నిషు, రంగు కాగితాల తోరణాలు. ఒక పడవలో వాద్యబృందం. ఆఖరున మేము. చక్రం దగ్గర బావ, మధ్యలో మోటారుతో నేను, వెనక రెండు బకెట్లతో అక్క. అక్క చెప్పులు ఒక సంచిలో వేసి గంటకు తగిలించింది.

బయల్దేరినప్పుడే నీళ్ళు చీలమండ దాకా ఉన్నాయి. మోటారు ఆన్ చేసి గొట్టం పక్కకి పెట్టాను. నీళ్ళు ధారగా ఎగిరి ఎండలో నదిలో పడ్డాయి. ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు. మైకులో ఎవరో, "ఏడో నంబరు వారు జలయంత్రంతో ప్రత్యేక విన్యాసం ప్రదర్శిస్తున్నారు" అని చెప్పాడు. అక్క బకెట్ ఒలకబోస్తూ వాళ్ళకేసి చెయ్యి ఊపింది. ఆ ధైర్యం మా వంశంలో ఆమె ఒక్కదానికే వచ్చింది.

బావ వెనక్కి తిరగలేదు. చక్రం మీద చేతులు పెట్టే చోట రంగు అరిగిపోయి ఉంటుంది. సరిగ్గా అక్కడే పెట్టుకుని నిలబడ్డాడు.

సగం దూరంలో మోటారు గొంతు పూడుకుపోయింది. గొట్టం విప్పి చూస్తే తెల్ల ముక్కలు. గీకినప్పుడు పలకల అడుగున పడిపోయిన నా మసాలాయే. చెయ్యి పెట్టి ఒక్కో ముక్కా లాగుతుంటే నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. అక్క బకెట్ల జోరు తగ్గింది, ఆయాసం వినిపిస్తోంది. పడవ అంచుకీ నదికీ మధ్య రెండు జానల ఎత్తు కూడా లేదు.

రేవు ఆఫీసువాళ్ళ చిన్న బోటు పక్కకి వచ్చింది. అందులోని మనిషి తాడు చుట్ట చేత్తో పట్టుకున్నాడు.

"ఇమ్మంటారా?" అన్నాడు మర్యాదగా.

బావ అప్పుడు వెనక్కి తిరిగాడు. తాడుకేసి చూడలేదు, నాకేసి చూశాడు.

"ఎంతసేపు ఆపగలవు?"

ఇన్నేళ్ళలో అతను నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. పది నిమిషాలని నాలుక చివరిదాకా వచ్చింది. అది ఎవరడిగినా వచ్చేదే. మింగేశాను. నీళ్ళ మట్టం చూశాను, మోటారు చూశాను, అక్క చేతులు చూశాను. ఇంజను బెల్టు నీళ్ళలో మునిగితే ఇంజను ఆగిపోతుంది, దానికి ఇంకా జానెడు ఉంది.

"మోటారు బాగైతే పన్నెండు నిమిషాలు. ఆ పైన నా వల్ల కాదు."

"బాగవుతుందా?"

"అవుతుంది."

బావ తాడు మనిషికి తల అడ్డంగా ఊపి, ముందుకు తిరిగి ఇంజను జోరు పెంచాడు. నమ్మాడు. నాకు భయమేసింది. మా ఇంట్లోవాళ్ళు కూడా నా లెక్కను అంతలా నమ్మరు.

ఆఖరి ముక్క పళ్ళతో లాగాను. మోటారు దగ్గి, దగ్గి, అందుకుంది. ధార మళ్ళీ లేచేసరికి వంతెన మీద జనం మళ్ళీ చప్పట్లు. నేను గొట్టం పట్టుకుని నిమిషాలు లెక్కపెడుతూ కూర్చున్నాను. పదకొండో నిమిషంలో లాంచీ ముక్కు కొత్త రేవు చెక్కను తాకింది. బావ ఇత్తడి గంట రెండుసార్లు కొట్టాడు. పాతరోజుల్లో ప్రయాణికులు దిగడానికి అదే గుర్తు.

రేవు ఆఫీసరు పుస్తకంలో రాసుకుని, పడవ లోపలికి తొంగి చూశాడు. మోకాళ్ళ లోతు నీళ్ళలో ముగ్గురం నిలబడి ఉన్నాం.

"చేరారు కాబట్టి మూడో గుంజ మీకే. కానీ ఇది మునిగిపోయేలా ఉందే" అన్నాడు.

"మునగాలి" అన్నాడు బావ.

రేవులో బరువులెత్తే కప్పీ ఉంది. దాంతో ఇంజను పైకి తీయడానికి గంట పట్టింది. ఆ గంటా నేను మోటారు ఆపలేదు. ఇంజను గట్టు మీదికి చేరాక బావ వ్యాన్ పిలిపించాడు. అందులో నేను ఒడ్డున పారేసిన రాళ్ళు, పద్దెనిమిదీ ఉన్నాయి. ఎప్పుడు ఏరి పెట్టుకున్నాడో తెలియదు. గోనెసంచులు పరిచి నేనే పేర్చాను, అటు తొమ్మిది, ఇటు తొమ్మిది.

"ఇక ఆపు" అన్నాడు.

మోటారు మీద చెయ్యి వేశాను. వెయ్యి లీకులు ఆపిన చెయ్యి అది. ఒక్క క్షణం మొరాయించింది. ఆపేశాను. సందుల్లోంచి నీళ్ళు చప్పుడు లేకుండా వచ్చి బల్లలెక్కాయి, పడవ అడుగు లోతులేని రేవు నేలకి ఆనాక అంచుల దాకా నిండి ఆగాయి.

అక్క ఇంటికి వెళ్ళింది. బావ, నేను గట్టు మీద కూర్చున్నాం. నీళ్ళకేసి చూస్తూ అతనన్నాడు.

"చెప్పి వెళ్ళాల్సింది."

ఏమీ అనలేదు. అది నాకు కొత్త.

వారం రోజులు కాపలా నాది. రోజుకి కనీసం ముగ్గురు ఉపకారులు వచ్చేవాళ్ళు. "అయ్యో, మునిగిపోయింది, తాడు తెమ్మంటారా, మోటారు తెమ్మంటారా" అనేవాళ్ళు. ఒకాయన లాగులు మడిచి దిగబోయాడు కూడా.

"ముట్టుకోకండి, నానుతోంది" అని చెప్పి పంపేశాను. ఎందుకో ఏమిటో ప్రతివాడికీ పూర్తిగా వివరించాను. బావ పక్కనుంటే అటు తిరిగి కూర్చునేవాడు.

ఎనిమిదో రోజు రాళ్ళు తీసి, నీళ్ళు తోడి, ఇద్దరం లోపలికి దిగాం. గుడ్డతో అడుగు తుడిచాను. అరగంట చూశాను, గంట చూశాను. పలకల మీద అరచెయ్యి ఆనించి, తీసి చూసుకున్నాను. పొడిగా ఉంది. నా ముప్పై ఏళ్ళ వృత్తిలో, నేను ఏమీ చెయ్యకుండా ఆగిన మొదటి లీకు అదే.