పన్నెండో మంచం

పాలు పోసే లింగం రోజూ చేసినట్టే ఆ పొద్దున కూడా గేటు ఇనుప కమ్మీల మీద క్యాను మూతతో టంగుటంగున కొట్టాడు. వంటింట్లో దొండకాయలు తరుగుతున్న రాజశ్రీ చాకు పట్టుకునే లేచి, తలుపు చాటున గోడకు వీపు ఆనించి నిలబడింది. అత్త ప్రేమల గిన్నె తీసుకుని తలుపు తీయబోతే ఆమె రెక్క పట్టి వెనక్కి గుంజింది.

"తియ్యకు అత్తమ్మ. ఎంతమంది ఉన్నరో ముందుగాల చూడు."

"ఎంతమంది ఉంటరు? లింగం ఒక్కడు, ఆని క్యాను ఒకటి," అంది ప్రేమల.

లింగం సందులోంచి తొంగి చూసి, "ఏం సిస్టరమ్మా, పాలల్ల నీళ్లు కలిపిన్నని పొడుస్తవా ఏంది?" అన్నాడు.

"పొడిస్తే నీళ్లే కారుతయి తీ," అంది ప్రేమల.

ఇంట్లో అందరూ నవ్వారు. మోటార్ల వైండింగ్ దుకాణానికి బయల్దేరుతున్న భర్త కృష్ణ నవ్వాడు, ఏడేళ్ల కూతురు వందన నవ్వింది. రాజశ్రీ కూడా నవ్వి మళ్లీ పీట మీద కూర్చుంది. చాకు పిడి చెమటకు తడిసి ఆమె గుప్పిట్లో జారుతున్న సంగతి ఎవరూ చూడలేదు.

మన ఇళ్లలో కొన్ని జబ్బులు ఇలా నవ్వుల కిందే పెరుగుతాయి. కాలు విరిగిన మనిషిని పరుగెత్తమని మనం అనం. మనసు దెబ్బతిన్న మనిషిని మాత్రం తెల్లారేసరికి పనిలోకి పంపిస్తాం, పైగా ధైర్యవంతురాలని మెచ్చుకుంటాం.

అది కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన జూన్ నెల. అంతకు కొద్ది వారాల ముందు మంచాలు చాలక బాన్సువాడ శివార్లలో ఒక పెళ్లిళ్ల హాలును కోవిడ్ వార్డుగా మార్చారు. పెళ్లికూతురు, పెళ్లికొడుకు కూర్చునే వేదిక మీద ఆక్సిజన్ సిలిండర్లు నిలబెట్టారు. నలభై మంచాలకు పూటకు ఇద్దరు నర్సులు. వాళ్లలో రాజశ్రీ ఒకతె.

ఊపిరి అందని మనిషికి తెలివి తప్పుతుంది. ముఖానికి పెట్టిన మాస్కే తనను చంపుతోందనుకుని పీకి పారేస్తాడు. ఇద్దరు మనుషులు నలభై మాస్కులకు కాపలా ఉండలేరు. అందుకని నర్సులు ఒక పద్ధతి పట్టారు. మరీ పీకేసుకునేవాళ్ల మణికట్లకు దూది చుట్టి, గుడ్డ బ్యాండేజీతో మంచం పట్టీకి వదులుగా కట్టేవాళ్లు. అట్లా కట్టబట్టి బతికి ఇంటికి పోయినవాళ్లున్నారు. కాని లోపలికి రానివ్వక బయటే ఉంచిన ఇంటివాళ్లకు ఈ సంగతి ముందుగా చెప్పాలని ఎవరికీ తోచలేదు.

పన్నెండో మంచం మీద రత్తయ్య ఉండేవాడు. వర్ని వైపు కాలువ కింద వరి పండించే ముసలి రైతు. మే నెలలో ఒక మధ్యాహ్నం ఆయన పోయాడు. శవాన్ని తీసుకుపోవడానికి పిలిస్తే ఇద్దరు కొడుకులు లోపలికి వచ్చి దుప్పటి తొలగించారు. తండ్రి చేతులు ఇంకా మంచానికి కట్టే ఉన్నాయి.

"నాన్నని కట్టేసి చంపారురా," అన్నాడు పెద్దవాడు. గట్టిగా కూడా అనలేదు.

ఆ వెంటనే సెలైన్ స్టాండు ఎత్తి రాజశ్రీ భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు ఇంకెవరి ఒంట్లోంచో వచ్చినట్టు వినిపించింది. చిన్నవాడు ఆమె తొడుక్కున్న ప్లాస్టిక్ సూటు చింపి, జడ చేతికి చుట్టుకుని, ముఖాన్ని మంచం ఇనుప పట్టీకేసి మోదాడు. రెండు పళ్లు ఊడి నాలుక మీద పడ్డాయి. ఈలోగా బయట ఉన్న బంధువులు గేటు బద్దలుకొట్టుకుని వచ్చారు. మందుల ట్రేలు గాల్లోకి లేచాయి, గాజు ముక్కల మీద చెప్పుల చప్పుడు. "నీ చేతులు కడితే తెలుస్తుందే నీకు," అంటూ అదే బ్యాండేజీతో ఆమెను అదే మంచానికి కట్టి డొక్కలో తన్నారు. ఆ తోపులాటలో తొమ్మిదో మంచం ఆక్సిజన్ గొట్టం ఊడిపోయింది. కట్టేసిన చేతులతో రాజశ్రీ ఆ గొట్టాన్నే చూస్తూ పడి ఉంది. హెడ్ సిస్టర్ ఆసిమా తల మీద కుర్చీ దెబ్బ తిని కూడా పాకుతూ పోయి దాన్ని బిగించింది. పోలీసులు వచ్చేవరకు కొట్టడం ఆగలేదు.

మూడు వారాలకు రాజశ్రీ భుజానికి పట్టీతోనే డ్యూటీకి వచ్చింది. శాలువా కప్పి ఫొటో తీశారు. ఊడిన పళ్ల చోట కొత్త పళ్లు పెట్టించారు. లోపల ఎట్లుందని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆమెకు నిద్ర పోయింది, ఆకలి పోయింది. నీళ్లు కావాలని వెనక నుంచి మోచెయ్యి తాకిన ఒక రోగి తమ్ముణ్ని గోడకేసి నెట్టింది. "పని భారం," అని సర్దిచెప్పారు.

జూన్ చివర్లో వందనకు జ్వరమొచ్చి ఆయాసం మొదలైంది. పిల్లకు అప్పుడప్పుడు వచ్చేదే. రాజశ్రీ నెబులైజర్ పెట్టి, మందు ఆవిరి పీల్చే చిన్న మాస్కు ముఖానికి తగిలించింది.

"వాసనొస్తుంది, వద్దమ్మా," అని పిల్ల తీసేసింది. మళ్లీ పెడితే మళ్లీ తీసేసింది.

మూడోసారి తీసేసరికి రాజశ్రీకి ఆ గది కనిపించలేదు. దండెం మీది చున్నీ లాగి పిల్ల రెండు చేతులూ మంచానికి బిగించి కట్టింది. దూది లేదు, వదులు లేదు. పిల్ల కీచుగా ఏడుస్తుంటే "ఒక్క నిమిషం ఆగు, ఒక్క నిమిషం," అని గొణుగుతూ మాస్కును ముఖానికి అదిమి పట్టింది. చిన్న వేళ్లు నీలంగా మారుతున్నాయి.

అన్నానికి ఇంటికొచ్చిన కృష్ణ పరుగెత్తి ముడి విప్పబోయాడు. రాజశ్రీ పక్కనున్న స్టీలు చెంబు తీసి అతని నుదుటి మీద కొట్టింది. ఒక్కసారి కాదు. అతను కింద పడ్డాక కూడా కొట్టింది. నెత్తురు పిల్ల గౌను మీద చిందింది. ప్రేమల వెనక నుంచి కోడలి నడుం పట్టి పడేసి, మీద కూర్చుంటే గాని ఆ చెయ్యి ఆగలేదు.

కృష్ణకు ఐదు కుట్లు పడ్డాయి. సాయంత్రానికే వందనను నస్రుల్లాబాద్‌లో మేనత్త ఇంటికి పంపేశారు.

"నీకు బాగయ్యేదాంక బిడ్డ నీ చేతికి రాదు," అన్నాడు కృష్ణ గోడ వైపు చూస్తూ. "కోపంతోని అంటలేను. నాకు భయమైతుంది."

రాజశ్రీ తన చేతులను తానే ఒళ్లో దాచుకుని కూర్చుంది.

బాగుచేయించే దారి ఏదో ఇంట్లో ఎవరికీ తెలియదు. శవాల నడుమ తిరిగింది కాబట్టి గాలి సోకిందని ప్రేమల నిమ్మకాయలు దిగదుడిచింది. దవాఖానలో తెలిస్తే పిచ్చి నర్సని నౌకరి పీకేస్తారని కృష్ణ ఆమెకు జ్వరమని చెప్పి సెలవు పెట్టించాడు. వారం గడిచాక ఆసిమా చూడటానికి వచ్చింది. వస్తూనే కృష్ణ నుదురు చూసింది.

"ఏం తగిలింది బేటా?"

"వైండింగ్ మిషన్ హ్యాండిల్ తగిలింది అక్కా."

"హ్యాండిల్ నాలుగుసార్లు తగిలిందా? ముప్పై ఏండ్ల సంది కుట్లు ఏస్తున్న. నాకు చెప్పకు."

కృష్ణ తలవంచాడు. జరిగింది ప్రేమల చెప్పింది. చివర్లో, "ఏదో గాలి చెల్లె," అంది.

"గాలైతే నాకు గూడ సోకింది ప్రేమలక్కా. నల్లా ఇప్పి, సప్పుడు బయటికి రాకుండ బాత్రూంల ఏడుస్త. కుర్చీ జరిపిన సప్పుడైతే తల పట్టుకొని కూసుంట. నెల సంది నిజామాబాద్‌ల మనసు డాక్టర్ దగ్గరికి పోతున్న. గోలీలు మింగుతున్న."

రాజశ్రీ మొదటిసారి తలెత్తింది. "నువ్వా ఆసిమక్కా? నాకెందుకు చెప్పలే?"

"సిగ్గయింది. గదే నా తప్పు. నేను చెప్పుంటే నీ బిడ్డ చేతులు కమిలేటివి కావు."

"పిచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకపోతే నలుగురు ఏమంటరు?" అన్నాడు కృష్ణ.

"నీ దుకాణంకు మోటర్ కాలిపోయి వస్తే, పైన రంగేసి ఇస్తవా, లోపల ఇప్పి చూస్తవా?"

"ఇప్పి చూస్త."

"మరి పెండ్లానికి రంగేస్తనంటవేంది?"

కృష్ణ ఆమెను నిజామాబాద్ తీసుకుపోయాడు. ఆసిమాకు వైద్యం చేస్తున్న డాక్టర్ ప్రియదర్శిని దగ్గర మొదటి మూడుసార్లు రాజశ్రీ దెబ్బల గురించే చెప్పింది. నాలుగోసారి డాక్టర్ అడిగింది: "వాళ్లు అంతలా కొడుతుంటే మీరు ఒక్కసారి కూడా అరవలేదని ఆసిమా గారు చెప్పారు. ఎందుకని?"

"అరిచే హక్కు నాకు లేదనిపించింది మేడం. ఆ మధ్యాహ్నం రత్తయ్య తాతకు తెలివొచ్చింది. నన్ను పిలిచిండు. 'ముక్కు దురదగా ఉందమ్మాయ్, ఒక చెయ్యి విప్పు తల్లీ' అన్నడు. 'ఒక్క నిమిషం ఆగు తాతా' అన్న. నలభై నిమిషాలకు వచ్చిన. అప్పటికే పోయిండు." ఆమె తన మణికట్టును తానే పట్టుకుంది. "ముక్కు గోక్కోనీకి చెయ్యడిగిండు. గది గూడ ఇయ్యలే. అందుకే వాళ్లు కొడుతుంటే, కొట్టనీ అనుకున్న."

నీ తప్పు లేదులే అని డాక్టర్ చప్పున అనేయలేదు. "ఆ నలభై నిమిషాలు ఎక్కడున్నారు?" అంది.

"తొమ్మిదో మంచం కాడ. సిలిండర్ అయిపోయింది. మార్చి, ఊపిరి కుదిరేదాంక ఉన్న. ఆయన బతికిండు."

"నలభై మందికి ఇద్దరు నర్సులు చాలని నిర్ణయించింది మీరా?"

"కాదు."

"మరి మీకు మీరే వేసుకున్న శిక్ష ఎవరి మీద పడుతోంది?"

"నా బిడ్డ మీద," అని రాజశ్రీ బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. ఆ మే నెల తర్వాత ఆమె గొంతెత్తి ఏడవడం అదే మొదలు.

ఇది ఒక్క రోజులో తేలే వైద్యం కాదు. నిద్రకు మందులిచ్చారు. కళ్లు మూయించి ఆ మధ్యాహ్నాన్ని మొదటి నుంచి చివరిదాకా చెప్పించారు, వారం వారం, మళ్లీ మళ్లీ. కొన్నిసార్లు మధ్యలో వాంతి చేసుకుంది. ఇంట్లో చప్పుళ్లకు అలవాటుపడటానికి లింగాన్ని గేటు మెల్లగా కొట్టమని, రోజురోజుకూ కొంచెం గట్టిగా కొట్టమని చెప్పారు. "డాక్టరమ్మ రాసిచ్చిన మందులల్ల నేను గూడ ఉన్ననా?" అని మురిసిపోయి లింగం ఆ పని శ్రద్ధగా చేశాడు.

ఆగస్టులో ఆసిమా పట్టుబట్టి డాక్టర్ ప్రియదర్శినిని బాన్సువాడకు రప్పించింది. సిబ్బందినీ వాళ్ల ఇంటివాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టింది. మొదట రాజశ్రీ లేచి పన్నెండో మంచం కథ చెప్పింది. పిల్ల చేతులు కట్టిన సంగతీ, మొగుణ్ని కొట్టిన సంగతీ దాచలేదు. అప్పుడు శవాలు మోసిన లోక్యా లేచి, తాగకుండా అన్నం ముందు కూర్చోలేకపోతున్నానని చెప్పాడు. ఒకరి తర్వాత ఒకరు లేచారు.

చివర ఆసిమా అంది: "మనకు శాలువాలు కప్పేటోళ్లు ఉన్నరు, ఎట్లున్నవని అడిగేటోళ్లు లేరు. రత్తయ్య కొడుకులు చేసింది నేరమే. కాని ఎందుకు కడుతున్నమో ముందుగాల్నే ఆళ్లకు ఒక మాట చెప్పక మనం గూడ తప్పు చేసినం. ఇగ నుంచి ఇంటోళ్లకు చెప్పకుండ ఎవరి చెయ్యి కట్టొద్దు. దెబ్బ తిన్న మనసును మందు లేకుండ డ్యూటీకి తోలొద్దు."

కృష్ణ వెనక వరసలో కూర్చుని విన్నాడు. ముక్కు దురద మాట అతను వినడం అదే మొదటిసారి. మర్నాడు డాక్టర్‌ను అడిగి, ఇంటివాళ్లు పక్కనుండగా తల్లీబిడ్డలు కలవవచ్చని ఆమె చెప్పాక, నస్రుల్లాబాద్ పోయి వందనను మోటార్ సైకిల్ మీద తీసుకొచ్చాడు.

పిల్ల తండ్రి కాలు పట్టుకుని గడపలోనే నిలబడింది.

"మల్ల కడతవా?" అంది.

"అమ్మను గట్ల అడగొద్దు," అంది ప్రేమల.

"అడగనీ అత్తమ్మ." రాజశ్రీ దగ్గరికి పోలేదు. దూరంగానే నేల మీద కూర్చుంది. "కట్టను బిడ్డా. అప్పుడు అమ్మకు జబ్బు చేసింది. నువ్వు మాస్కు తీసినందుకు కాదు. తప్పు నీది కాదు. ఇప్పుడు మందు తింటున్న. మల్ల భయమైతే నీ దగ్గరికి రాను, నాయనను పిలుస్త."

వందన తల్లి చేతులకేసి చూసింది. "నాకు భయమైతే?"

"నువ్వు గూడ పిలువు. గట్టిగ పిలువు."

పిల్ల తండ్రి కాలు వదిలింది. వచ్చి తల్లికి జానెడు దూరంలో కూర్చుంది. ఒడిలోకి ఎక్కలేదు. రాజశ్రీ లాక్కోలేదు. ఆ జానెడు దూరం తగ్గడానికి ఇంకా కొన్ని వారాలు పట్టింది, కాని తగ్గింది.

మన ప్రాణాలు కాచినవాళ్లు చూసిన చావులూ తిన్న దెబ్బలూ వాళ్లలోనే ఉండిపోతే, అవి మళ్లీ ఏదో ఒక ఇంట్లో ఒక పసిబిడ్డ మీద పడతాయి. అందుకే వాళ్ల ఒంటికి చేసినట్టే మనసుకూ వైద్యం చేయించడం మన దయ కాదు, మన బాధ్యత.