జూన్ పదకొండో తేదీ ముద్ర

నేను ఒక తేదీ ముద్రను. ఊరందరి రోజులకూ గుర్తు వేసే నాకు సొంతమైన రోజంటూ ఒక్కటీ లేదు. ఎవరు ఏ పట్టీ తిప్పితే ఆ తేదీయే నాది. రబ్బరు స్టాంపులు చేసే ఒక ముసలాయన నన్ను తయారుచేశాడు. చెక్క పిడి, ఇనప చట్రం, రోజుకూ నెలకూ సంవత్సరానికీ మూడు రబ్బరు పట్టీలు, వాటి పైన ‘అందినది’ అన్న మాట. పని చివర్లో ఆయన కత్తి జారి ‘జూన్’లో మొదటి అక్షరం మూల కాస్త తెగింది. ‘ఏడాదికి ఒక నెలే గదా, ఎవరు చూస్తారులే’ అనుకుని అలాగే అమ్మేశాడు. మనుషులు చేసే మేళ్లలో సగం ఇలా తెలియక చేసినవే.

నన్ను కొన్నది ఒక జిల్లా జైలు ఆఫీసు. గుమాస్తా దేవసహాయం రోజూ పొద్దున్నే వచ్చి, బొటనవేలితో నా తేదీ మార్చి, పాత కాగితం మీద ఒకసారి కొట్టి చూసుకునేవాడు. మంచివాడే. మంచివాళ్లు చేసిన తప్పులే ఎక్కువ కాలం దాగి ఉంటాయని తర్వాత తెలిసింది.

జూన్ మొదట్లో పెంచలయ్య వచ్చాడు. టమోటాల వ్యాన్ తోలేవాడు. క్రేట్ల కింద ఎర్రచందనం దుంగలు దొరికాయని పట్టుకున్నారు. ఆ కేసులో కోర్టు బెయిలిచ్చింది. బెయిలు మీద గేటు దాటకముందే కలెక్టరు నుంచి ఇంకో ఉత్తర్వు వచ్చింది. బయట ఉంటే మళ్లీ స్మగ్లింగు చేస్తాడు కాబట్టి ఏడాదిపాటు లోపలే ఉంచాలట. చేసినదానికి కాదు, చేస్తాడేమో అన్నదానికి! దానితోపాటు రెండు వందల పేజీల కాగితాలిచ్చారు, అన్నీ ఇంగ్లీషులోనే. అతనికి వచ్చింది తెలుగు ఒక్కటే. మిగిలిన దారల్లా ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవడమే. దాన్ని ప్రభుత్వం వెంటనే చూడాలి. ఊరికే ఆలస్యం చేస్తే ఆ ఉత్తర్వు కోర్టులో నిలవదు.

జూన్ పదకొండున పెంచలయ్య అర్జీ రాసి తెచ్చాడు. దేవసహాయం దాని మీద నన్ను కొట్టి పక్కన పెట్టాడు. పెంచలయ్య మాత్రం కదల్లేదు.

“సారూ, నాకూ ఒక ముద్ర కొట్టియ్యండి.”

“నీకెందుకురా?”

“మార్కెట్ యార్డులో గేటు పాసు మీద ముద్ర లేకుంటే సరుకు దించినట్టే కాదు సారూ. పదేండ్ల అలవాటు. చేతిలో చీటీ లేకుండా నాకు కాళ్లు కదలవు.”

దేవసహాయం పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే చిన్న చీటీ మీద ‘పెంచలయ్య అర్జీ ఒకటి’ అని రాసి నన్ను కొట్టాడు. సిగ్గుపడుతూ చెబుతున్నాను, నేనూ నవ్వుకున్నాను. పెంచలయ్య ఆ చీటీని ములాఖత్‌కి వచ్చిన భార్య రవణమ్మ చేతిలో పెట్టి, పారేయొద్దని చెప్పి పంపాడు.

ఆ రోజు దేవసహాయానికి పన్ను నొప్పి. బల్ల మీద ఉన్న, జైలుకొచ్చే పాల లెక్క చీటీలన్నీ పోగేసి, వాటితోపాటే అర్జీనీ కలిపి, పురికొసతో కట్టి బీరువా మీద పడేశాడు. పెంచలయ్య రోజూ కిటికీ దగ్గరకొచ్చి “జవాబొచ్చిందా సారూ?” అని అడిగేవాడు. “వస్తాదిలే, పోరా” అనేవాడు దేవసహాయం. అర్జీ పైకి వెళ్లిందనే ఆయన నమ్మకం. అది ఎక్కడుందో నాకు తెలుసు. బల్ల మీద నుంచి చూస్తే ఎదురుగా ఆ కట్టే కనిపించేది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు... పొద్దున్నే నా పట్టీ తిరిగినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. ఏం చేయను? తిప్పితే తిరగడం, కొడితే పడడం తప్ప నాకు ఇంకేం వచ్చు?

జూలై నాలుగున పాల లెక్క కోసం కట్ట విప్పితే అర్జీ బయటపడింది. జైలరు ముఖం మాడిపోయింది.

“ఇరవై మూడు రోజులా! ఇది పైకి పోతే నీ ఉద్యోగం, నాదీ రెండూ పోతాయి. వానితో ఇంకోటి రాయించు. ఈ పొద్దు తేదీ వెయ్.”

మొదటి దాంట్లో తప్పులున్నాయని పెంచలయ్యకు చెప్పారు. అతను నమ్మాడు. మళ్లీ రాసి, సంతకం పెట్టి, “ఈసారన్నా తొందరగా పంపండి సారూ” అని దండం పెట్టాడు. దేవసహాయం అతని ముఖం చూడకుండానే నన్ను కొట్టాడు. నేను వేసిన తేదీ నిజమైనదే. అయినా నా బతుకులో నేనాడిన పెద్ద అబద్ధం అదే. అయిదు రోజుల్లో అర్జీ తోసిపుచ్చినట్టు జవాబొచ్చింది. ఎంత చురుకైన ప్రభుత్వమో!

రవణమ్మ జూన్ పదకొండు నాటి చీటీ పట్టుకుని హైకోర్టుకెళ్లింది. అర్జీ జూలై నాలుగునే అందిందనీ, ఆ చీటీ దొంగదనీ, అలాంటి ముద్ర ఎవరైనా చేయించుకోవచ్చనీ సర్కారు వకీలు వాదించాడు. అప్పుడు జడ్జీలు దేవసహాయాన్నీ నన్నూ రమ్మన్నారు. అక్టోబరు నెల. కోర్టు ఉద్యోగి ఒకాయన నా పట్టీలు వెనక్కి తిప్పి జూన్ పదకొండు దగ్గర ఆపాడు. తెల్ల కాగితం మీద కొట్టి, చీటీ పక్కన పెట్టాడు. రెండింటిలోనూ అదే తెగిన మూల.

జడ్జి దేవసహాయం వైపు చూశాడు. ఆయన తల దించుకున్నాడు.

“నేనే కొట్టినా సారూ. మొదటి అర్జీ పాల చీటీల్లో కట్టేసినా. రెండోది మేమే రాయించినాం.”

ఉత్తర్వు కొట్టేశారు. పెంచలయ్యను ఆ రోజే వదలమన్నారు. రవణమ్మ కళ్లు తుడుచుకుంటూ “ఆ చీటీ మాకియ్యండి సారూ, అది లేకుండా ఆయన గేటు దాటడు” అని బతిమాలింది. అది సాక్ష్యమనీ, ఇవ్వకూడదనీ చెప్పారు. చీటీనీ నన్నూ ఒకే కవరులో పెట్టి లక్క వేశారు.

అప్పటి నుంచీ రికార్డు గదిలోనే ఉన్నాను. కవరు ఎప్పుడు తెరవాలో దాని మీద రాయలేదు. నా ముఖం మీద ఇంకా జూన్ పదకొండే. నన్నెందుకు ఉంచారో, ఎన్నాళ్లు ఉంచుతారో చెప్పే కాగితం నాకెవరూ ఇవ్వలేదు. ఇచ్చినా అర్జీ పెట్టుకోవడానికి నాకు నోరు లేదు. పెంచలయ్యకు నోరుంది, భార్య చేతిలో చీటీ కూడా ఉంది. అయినా అతను బయటపడడానికి నాలుగున్నర నెలలు పట్టింది.