మంచు కురిసిన ద్రాక్ష

గట్టు అనే ఊళ్లో ఉండే జంగమ్మ అన్నం తిన్నాక చేతులతో పాటు కాళ్లు కూడా కడుక్కుంటుంది. ఆ బియ్యం ఏ ఊళ్లో పండితే ఆ ఊరి బురద ఆమె మడమలకు అంటుతుంది. కృష్ణ ఒడ్డున సోమశిల దిక్కు పండిన చింతపండు నాలుకకు తగిలితే కొంగులోకి ఏటిగాలి వస్తుంది. పెళ్లయిన కొత్తలో, వాకిలి పాడవుతోందని అత్త విసుక్కునేది. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

2007 ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం, బల్మూర్ నుంచి మల్లేష్ అనే ముప్పై ఏళ్లాయన కంపెనీ కాగితాలతో వచ్చాడు. ఆమె భర్త కురుమూర్తి తన నాలుగెకరాలను తెల్లద్రాక్ష తోటకు కౌలుకివ్వాలట. ఆ పండ్లతో కంపెనీ తియ్యటి వైన్ చేస్తుందట. కురుమూర్తి అప్పటికే కలం పట్టుకున్నాడు. జంగమ్మకు మాత్రం, మాటకు ముందే నవ్వే మల్లేష్ మీద నమ్మకం కుదరలేదు.

"గీ ద్రాక్ష యాడ పండింది?"

"మన అసుంటి ఎర్రమట్టి చెల్కలనే అక్కా. గిదే ఎండ."

"నువ్వు చూసినవా?"

మల్లేష్ ఐసు డబ్బాలోంచి ఆ ద్రాక్షతో చేసిన వైన్ సీసా తీసి, స్టీలు గ్లాసులో కొద్దిగా పోశాడు. పలచటి తేనె రంగు. మందేమన్నా కలిపారేమోనని జంగమ్మ ముందు వాసన చూసింది. తర్వాత ఒక గుక్క నోట్లో నిలుపుకుంది. మొదట తేనె. దాని వెనక మామిడి తాండ్ర. మింగాక దవడల దగ్గర సన్నటి పులుపు, తీపిని వెగటు కానివ్వకుండా. ఇంత బాగున్నందుకు ఆమె అనుమానం ఇంకా పెరిగింది. మరో గుక్క తాగింది.

ఆమె జుట్టు కొసల నుంచి చుక్కలు రాలాయి. రేకుల కింద, అంత ఉడుకులో, భుజాల మీద పొగమంచు దిగింది. వణుకుతూ కొంగు కప్పుకుంది.

"చేసినోడు మంచి పనిమంతుడే. పండు తీగ మీదనే ముడుచుకునేదాక ఓపిక పట్టిండు. గని తమ్మీ, గిది ఏటి పక్క తోట. తెల్లారంగ మంచు వడాలె. మన ఎండ దీంట్ల ఇసుమంత గూడ లేదు."

కురుమూర్తి కలం కింద పెట్టాడు. "మోసం జేస్తున్నవా?"

మల్లేష్ నేల మీది తడిని వేలితో అద్దుకున్నాడు. ముఖం పాలిపోయింది.

"కంపెనోళ్లు చెప్పిందే చెప్పిన అన్నా. నేను గూడ నమ్మిన. మా సీతాఫలం తోట తీసి గీ ద్రాక్షే పెడ్తున్నం. కూలోళ్లు గిప్పుడే దిగి ఉంటరు."

ఇదీ నాటకమేమోనని జంగమ్మ అతని కళ్లలోకి చాలాసేపు చూసింది.

"ఫోన్ జెయ్యి మరి," అంది.

అతను సెల్లు తీసి నంబరు నొక్కాడు. "నాయినా, చెట్లు కొట్టుడు ఆపు. ఇప్పుడే ఆపు. ఎన్ని పోయినయ్?"

విని, గోడకు చేరగిలబడ్డాడు.

"రెండే," అన్నాడు. "రెండే అక్కా."