వంటగది ముందు వెళ్లింది

ఆ దంపతులు ఏ పనీ విడివిడిగా చేసి ఎరగరు. ఆయన లిఫ్టులు బాగుచేసే మేస్త్రి. ఆవిడ ఇంట్లోనే మిషను పెట్టుకుని పొట్టివి పొడుగు, వదులువి బిగువు చేసే దర్జీ. పొద్దున్నే ఆయన పనిముట్ల సంచీకి ఊడిన పట్టీని ఆవిడ కుట్టి పెట్టేది. ఆవిడ మిషనుకు ఆయన నూనె వేసేవాడు. చివరికి టీ కూడా ఒకే గ్లాసులో పోసుకుని చెరిసగం తాగేవాళ్లు. "వీళ్లకి జలుబు చేసినా జంటగానే చేస్తుంది" అని ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్లు.

ఇద్దరిదీ ఆ దేశం కాదు. వయసులో ఉండగా పని వెతుక్కుంటూ వచ్చి, రెక్కలు ముక్కలు చేసుకుని ఒక ఇల్లు కొనుక్కున్నారు. వంటగది, ముందుగది, మిషను గది, పడకగది. అంతే ఇల్లు. కొన్నరోజున రిజిస్ట్రారు కచేరీలో "ఎవరి పేరు రాయమంటారు?" అని అడిగితే, "ఎవరిదైతే ఏంటండీ, రెండూ ఒకటేగా!" అన్నాడు మేస్త్రి. గుమాస్తా ఎదురుగా ఉన్నది ఆయనే కనక ఆయన పేరే రాసుకున్నాడు.

ఇక్కడ ఆ ఊరి సంగతి ఒకటి చెప్పుకోవాలి. అక్కడ యజమాని పోతే ఇల్లు వారసుడి దగ్గరికి వెళ్తుంది. మాటవరసకు వెళ్లడం కాదు, నిజంగానే వెళ్తుంది, ఒక్కో గదీ, ఒక్కో గదీ. వారసుడు పక్కవీధిలో ఉంటే పక్కవీధికి, సముద్రానికి అవతల ఉంటే అవతలికి. తెల్లారేసరికి ఇక్కడ గది ఉన్నచోట ఆకాశం కనిపిస్తుంది, అక్కడ వారసుడి గోడకు కొత్త తలుపు పుడుతుంది. పురపాలక సంఘం వాళ్లు వచ్చి ఖాళీకి టార్పాలిను కట్టి పోతారు. పాలవాడు దాన్ని పైకెత్తి అడ్డదారిన అవతలి వీధికి పోతాడు. ఎవరికీ వింత లేదు. వానొస్తే గొడుగు వేసుకోమూ, అలాగే.

ఎదురింటి వకీలమ్మ ఒకసారి నల్లకోటు చేతులు పొట్టి చేయించుకోడానికి వచ్చి, మాటల్లో అడిగింది. "వీలునామా రాసుకున్నారా? మీబోటి పరదేశులకు అది మరీ అవసరం."

"ఎప్పుడో రాశాం!" అని మేస్త్రి బీరువాలోంచి కాగితం తెచ్చాడు. సొంతదేశం వెళ్లినప్పుడు రాయించింది. మాలో ఎవరు ముందు పోయినా ఉన్నదంతా మిగిలినవారికి అని ఉంది. కింద ఇద్దరి సంతకాలూ పక్కపక్కనే, భుజాలు రాసుకుంటూ ఉన్నాయి.

వకీలమ్మ చదివి కళ్లజోడు తీసింది. "ఇది ఇక్కడ చెల్లదండీ."

"అదేంటమ్మా, అక్కడ పెద్ద వకీలే రాశాడు."

"అక్కడ చెల్లుతుంది. ఇల్లు ఉన్నది ఇక్కడ. ఏ నేల మీది ఇంటికి ఆ నేల చట్టం. ఇక్కడ ఒక కాగితం మీద ఒక్క మనిషే వీలునామా రాయాలి. రేపు ఒకరి మనసు మారితే రెండోవారిని అడగకుండా మార్చుకోగలగాలి, అందుకు. ఇద్దరు కలిసి రాస్తే ఇద్దరూ రాయనట్టే."

"నాకెందుకు మారుతుంది మనసు?" అని మేస్త్రి భార్య వైపు తిరిగాడు. "విన్నావుటే? విడివిడిగా రాసుకోవాలట. విడాకులకు కూడా ఇలాగే రాస్తారు కాబోలు!"

ఆవిడ పళ్ల మధ్య గుండుసూదులు పెట్టుకునే నవ్వింది.

"నవ్వులాట కాదు" అంది వకీలమ్మ. "వీలునామా లేకపోతే ఇక్కడి చట్టంలో ఇల్లు రక్తానికి పోతుంది గానీ కాపురానికి పోదు. మీకు పిల్లలెవరైనా..."

"మొదటి భార్య కొడుకున్నాడు. మా దేశంలోనే, వాళ్ల అమ్మమ్మ దగ్గర పెరిగాడు. బస్సు నడుపుతాడు" అన్నాడు మేస్త్రి, గొంతు తగ్గించి. ఆ ప్రస్తావన వస్తే ఆయన ఎప్పుడూ గొంతు తగ్గిస్తాడు. "చూద్దాంలెండి. ఈ చలి పోనివ్వండి, వచ్చి రాసిస్తాను."

చలి పోకముందే ఆయనే పోయాడు. ఒక పాత మేడలో లిఫ్టు ఆగిపోతే చూడ్డానికి మెట్లెక్కి, దిగుతూ మధ్యలో కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. జీవితమంతా జనాన్ని మెట్లు ఎక్కకుండా కాపాడినవాడు మెట్ల మీదే పోయాడు. ఊరి చివర, గోడ వారగా సమాధి చేశారు.

వంటగది ముందు వెళ్లింది. ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి, మొహం కడుక్కుని తిరిగొచ్చేసరికి గడప అవతల చలిగాలి. పెరట్లో పిల్లి ఒకటి నిలబడి ఆవిడ వైపు చూస్తోంది. కాసేపటికి ఫోను మోగింది.

"పిన్నీ, నేనండీ." ఆయన కొడుకు. చావు కబురు చెప్పినప్పుడు తప్ప అంతకుముందు ఎన్నడూ మాట్లాడినవాడు కాదు. "వంటగది వచ్చింది."

"తెలుసు బాబూ. పాలు..."

"పొంగేవే, మా ఆవిడ చూసి దించింది."

"కొళాయి కారుతుంది. కింద గిన్నె పెట్టుకోండి."

"పెట్టాం."

ఆవిడ ఫోను పెట్టేసి పిల్లిని అదిలించింది.

వకీలమ్మ ఇంట్లో అన్నం తింటూ ఆవిడ అడిగింది, ఆపే దారి లేదా అని. ఒక్కటే ఉందంది వకీలమ్మ. "ఆ అబ్బాయి నాకొద్దు అని రాసిస్తే చాలు, పోయిన గదులు కూడా వెనక్కి వచ్చేస్తాయి. అడగండి. ఇల్లు లేకపోతే మీకు ఈ దేశంలో ఉండే అనుమతే లేదు, గుర్తుంచుకోండి. మీ అనుమతి పత్రంలో ఇంటి చిరునామా ఉంది. ఇల్లు పోతే పత్రం పోతుంది."

అడుగుదామనే అనుకుంది ఆవిడ. కానీ అడిగే మాటను నోట్లోనే చుట్టి చుట్టి పెట్టుకుంది. ఈలోగా మిషను గది వెళ్లిపోయింది, ఊరివాళ్ల బట్టలతో సహా. గొడవ గొడవైంది.

"నా కోటేదమ్మా?" అని బడిపంతులు.

"సముద్రం దాటిందండీ."

"నేను ఇంతవరకు ఈ ఊరి పొలిమేర దాటలేదు, నా కోటు దాటిందా!" అని ఆయన టార్పాలిను వంక అసూయగా చూస్తూ వెళ్లాడు. మేస్త్రి కొడుకు మాత్రం అన్నీ పార్సిలు కట్టి పంపాడు, గుండీలు కూడా పోకుండా. మిషను పంపలేదు. అది గదితో వచ్చింది కదా, గదిదే.

ముందుగది వెళ్లిన రోజున ఆవిడే ఫోను చేసింది. మనసు గట్టి చేసుకుని, మంచం అంచున కూర్చుని చేసింది.

"బాబూ, నీతో ఒక మాట..."

"కాస్త మెల్లిగా మాట్లాడండి పిన్నీ, పిల్లలు పడుకున్నారు. మాది ఒకటే గది కదండీ, మిషను గదిలో పడుకునే చోటు లేదు. ఇన్నాళ్లూ నలుగురం ఒకరి కాళ్లు ఒకరి మీద వేసుకుని పడుకునేవాళ్లం. ఇవాళ ముందుగదిలో చాప వేసుకుని కాళ్లు బార్లా చాపుకుని పడుకున్నారు. చూస్తూ కూర్చున్నాను. నాన్న నన్ను వదిలేసి వెళ్లినప్పుడు నాకు పళ్లు ఊడే వయసు. మళ్లీ నన్ను చూడ్డానికి వచ్చింది లేదు, ఏమిచ్చిందీ లేదు. ఇదే మొదటిది. చెప్పండి, ఏదో మాటన్నారు."

ఆవిడ గోడకేసి చూసింది.

"ముందుగది కిటికీ రెక్క బిగుసుకుపోతుంది. కింద నుంచి తడితే వస్తుంది. అదే చెబుదామని."

అంతే. నోటిదాకా వచ్చింది మింగేసింది. దాంతోపాటు ఇల్లూ వదిలేసుకుంది.

ఇక పడకగది ఒక్కటే మిగిలింది, నాలుగు వైపులా గాలి కొడుతూ. వకీలమ్మ వచ్చి తలుపు కొట్టింది. "ఇవాళో రేపో ఇదీ వెళ్తుంది. మా ఇంటికి వచ్చెయ్యండి, సోఫా ఉంది."

"ఎన్నాళ్లు?"

"మీ అనుమతి రద్దయ్యేదాకా."

"తర్వాత?"

వకీలమ్మ కోటు చేతులు సర్దుకుంది. తర్వాత పోలీసులు వస్తారని చెప్పడానికి చదువు అక్కర్లేదు.

"పోనీ గదిలోనే ఉండిపోతే?"

"గదితో పాటు మనిషి వెళ్లడం చట్టంలో లేదండీ."

"కూడదనా?"

"లేదనే. ఎవరూ అంత దూరం ఆలోచించలేదు." తర్వాత వకీలు గొంతు వదిలేసి అంది. "అక్కా, వెళ్తే తిరిగి రానివ్వరు. ఆయన ఇక్కడ ఉన్నారు."

సాయంత్రం ఆవిడ సమాధి దగ్గరికి వెళ్లింది. మొలిచిన గడ్డి పీకింది. మేస్త్రికి ఏం చెప్పిందో ఎవరికీ వినపడలేదు. దారిన పోతున్న బడిపంతులుకు ఒక్క ముక్క మాత్రం చెవిన పడింది: "ఒక్క పూట వెళ్లి సంతకం పెట్టి వస్తే నీ సొమ్మేం పోయేదయ్యా?" తిరిగొచ్చి, మంచం మీద తన సగంలో తాను పడుకుంది. ఆయన సగం అలాగే వదిలింది.

కుదుపు లేదు, చప్పుడు లేదు. కళ్లు తెరిచేసరికి కిటికీలో ఆకాశానికి బదులు ఇంకో మేడ గోడ ఉంది. బస్సు హారన్లు. ఎప్పుడో ఆవిడ విడిచి వచ్చిన భాషలో ఎవరో కూరల బేరం ఆడుతున్నారు. గోడకు అవతల గిన్నెలో నీటి బొట్లు పడుతున్నాయి. ఇల్లంతా మళ్లీ ఒకచోట చేరింది, ఏ గది పక్కన ఏ గది ఉండాలో సరిగ్గా అలాగే.

"నాన్నా, కొత్త గదిలో ఒకావిడ ఉంది" అంది ఒక పసి గొంతు.

అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. అతను తలుపు తోయలేదు, మెల్లిగా తట్టాడు. "లోపలికి రా" అనబోయింది ఆవిడ. ఆ మాట అనే హక్కు తనకు ఉందో లేదో తేలక ఊరుకుంది. అతనూ లోపలికి రాలేదు. ఇద్దరూ చెరోవైపు, ఊపిరి వినపడేంత దగ్గరగా నిలబడ్డారు.

"పిన్నీ" అన్నాడు అతను. "టీ పెడుతున్నాను. పంచదార ఎంత వెయ్యమంటారు?"

ఆవిడ పాదాల వైపు చూసుకుంది. చెప్పులు కనపడలేదు. నిన్న గడప బయట, ముందుగది ఉండేచోట విడిచింది. అక్కడే గాలిలో ఉండిపోయి ఉంటాయి.

"ఒక చెంచా చాలండి" అంది.