నోట ఏముంది చిలకా

ఆదివారం పొద్దున సాంబారులోకి చిన్నెర్రగడ్డలు ఒలుచుకుంటుంటే మా మనవరాలు నందిత వెనక నుంచి వచ్చి నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేస్తుంది. సినిమాల్లో పాడనివాళ్ళు, ఇంట్లో గిటారు పెట్టుకుని సొంతంగా పాట కట్టుకునేవాళ్ళు, పల్లె పాటలు ఏరుకొచ్చి పాడేవాళ్ళు, ఇలాంటివాళ్ళను వెతికి పట్టుకుని వారం వారం తన ఫోన్ పేజీలో "వీళ్ళను వినండి" అని పెట్టడం దానికి ఇష్టం. నాలుగువేల మంది దాని మాట విని పాటలు వింటారట. అదేమో నా మాట వింటుంది. "అవ్వా, ఈ పిల్లోడెట్ల?" అంటే, "గొంతు బాగుండాది గానీ ఎవురూ కొట్టకనే ఏడుస్తాండాడు" అంటాను. నవ్వుకుంటూ అదే మాట రాసి పెట్టేస్తుంది.

"చెవుల్లో తీగలు పెట్టుకోని కూసుంటే కుక్కర్ కూత యాడ వినపడతాది మా?" అన్నాడు నా కొడుకు దినకర్. పేపరు చదువుకుంటూ కుక్కర్‌కు రెండడుగుల దూరంలో కూర్చున్నది వాడే. కూతలు లెక్కపెట్టడం మాత్రం నా పని.

ఆ ఆదివారం నందిత వినిపించింది ఆరణి ఊరి పిల్లలు కొందరు కలిసి పాడిన పాట. ఎస్తేర్ అనే అమ్మాయి పాడుతోంది. మొదటి మాటకే నా చేతిలో కత్తి ఆగిపోయింది.

"కొండెక్కి వస్తివే చిలకా, నోట ఏముంది?"

తర్వాత ఇద్దరు ముగ్గురు నోరు తెరవకుండా తీసే ఊఁ... ఊఁ... అనే రాగం. ఆ తర్వాత జవాబు.

"రామనామం ఉండాది, ఇంకేముంది!"

"ఆ హమ్మింగ్ విన్నావా అవ్వా? అందురూ దానికే పిచ్చెత్తిపోయినారు" అంది నందిత. "ఎస్తేర్ వాళ్ళవ్వ కూలికి పోయిన ఇంట్లో నేర్చుకునిందంట. కట్టినోళ్ళెవురో తెలీదంట."

"అది హమ్మింగ్ కాదే, నమిలేది" అన్నాను. "కట్టినామె తిరుత్తణిలో ఉండాది. మీ పెద్దవ్వ అలమేలు."

అలమేలక్క నా తోడికోడలు. కడంబత్తూరు ఇంట్లో నాకంటే ముందు అడుగుపెట్టిన కోడలు. ఎండలు ముదిరాక విత్తనాలకని చెనక్కాయలు, అదే వేరుశెనగ, ఒలవడం మొదలయ్యేది. కూలి ఆడవాళ్ళు, మేమిద్దరం మధ్యాహ్నమంతా వసారాలో కూర్చుని వేళ్ళు వాచేదాకా ఒలిచేవాళ్ళం. మా అత్త లోపల పడుకుని, "పాడండే! నోరు ఊరికే ఉంటే గింజ లోపలికి పోతాది" అని అరిచేది. పాట ఆగిందా, ఆమె లేచి వచ్చేది. దారిన పోయేవాళ్ళు మా పాటలు విని, ఆ ఇంటి ఆడవాళ్ళు ఎంత సంతోషంగా ఉన్నారో అనుకునేవాళ్ళట. ఆ ఏడు నాకు అయిదో నెల, దినకర్ కడుపులో ఉన్నాడు. ఆ ఇంట్లో మగవాళ్ళు, పిల్లలు, అత్త తిన్నాక మిగిలింది కోడళ్ళకు. ఎన్నో రోజులు గంజినీళ్ళే మిగిలేవి. మా ఆయన తిరుమలయ్య చెడ్డవాడేమీ కాదు. నీకు అన్నం మిగిలిందా అని ఒక్కనాడూ అడగలేదు, అంతే.

ఆ ఆకలి చూసి అలమేలక్క కట్టిన పాట అది. మమ్మల్ని రెండు వరసలుగా కూర్చోబెట్టింది. ఈ వరస చిలకను అడుగుతుంటే ఆ వరస గింజ నోట్లో వేసుకోవాలి. నోరు మూసుకుని ఊఁ... ఊఁ... అంటూ నమలాలి, మింగాక జవాబు పాడాలి. తర్వాత ఆ వరస అడుగుతుంది, ఈ వరస నములుతుంది. పాట ఆగదు, పళ్ళూ ఆగవు. రామనామం ఉంది కదా, మా అత్తకు ఆ పాటంటే ప్రాణం. "దేవుడి పాట పాడండే" అని తనే అడిగేది. అక్షరం ముక్క రాని మనిషి అంత పాట కట్టిందని ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఒకరోజు అత్త చప్పుడు కాకుండా వచ్చి మా వెనక నిలబడింది. "ఎవురే నమిలేది? తెరవండి నోళ్ళు!" అంది. గింజ నా నాలుక మీద ఉంది. నేను పెదవి విప్పలేదు. నాకంటే ముందు అలమేలక్క లేచి, "నేనేనత్తా తినింది" అంది. సాయంత్రం అందరి ముందు వాళ్ళాయన, "ఇంకమీద నీ గొంతు ఈ ఇంట్లో వినపడకూడదు" అన్నాడు. వినపడలేదు. సొంత బిడ్డలకు జోల కూడా పాడలేదు. వేరుపడి తిరుత్తణికి పోయాక కూడా పాడలేదు. నలభై ఎనిమిదేళ్ళు. ఎన్ని పెళ్ళిళ్ళలో కలిశామో, ఎన్ని కబుర్లు చెప్పుకున్నామో, ఆ మాట మాత్రం తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"అవ్వా, ఇది పేజీలో పెడతా. పెద్దవ్వ పేరుతో, నీ పేరుతో" అంది నందిత, కళ్ళు తుడుచుకుంటూ.

దినకర్ పేపరు దించాడు. "మా నాయనమ్మ కోడళ్ళకు కూడు పెట్టలేదు, మాయమ్మ గింజలు దొంగిలించింది, అని ఊరంతా చాటేదా? మానం పోతాది."

"ఆ గింజలు తినింది నువ్వు కూడారా" అన్నాను. వాడు పేపరు మళ్ళీ ఎత్తుకున్నాడు.

మరుసటి ఆదివారం నేనూ నందితా తిరువళ్ళూరులో కరెంటు రైలెక్కి తిరుత్తణికి పోయాం. అలమేలక్క గడప దగ్గర కూర్చుని ఉంది. ఒక తీగ అక్క చెవిలో, ఇంకొకటి నా చెవిలో పెట్టాను. కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

"బాగా పాడతాండాది ఈ పాప" అంది. "గానీ ఊఁ రెండు మాట్లు చాల్దు. గింజ మెత్తగా నలిగేదానికి మూడన్నా కావల్ల."

"పాడి చూపించక్కా."

అలమేలక్క లోపలి గుమ్మం వైపు చూసింది. వాళ్ళాయన పోయి ఆరేళ్ళయింది, అయినా చూసింది. నందిత ఫోన్ ఎత్తి పట్టుకుంది. ఎర్రచుక్క వెలిగింది.

గొంతు మొదట గీరుకుంది. తర్వాత, కడంబత్తూరు వసారాలో విన్న ఆ గొంతే, ఎండలో ఆరేసిన గుడ్డలా పల్చబడి, వచ్చింది.

"కొండెక్కి వస్తివే చిలకా, నోట ఏముంది?"

జవాబు నా వరసది. మూడుసార్లు ఊఁ అన్నాను. రామనామం నోటిదాకా వచ్చి నిలిచిపోయింది. నందిత నా ముఖం చూసి, "ఆపేదా అవ్వా?" అంది మెల్లగా.

"ఆపొద్దు" అన్నాను. "ఆ పొద్దు నీ నోట్లో ఏమీ లేదక్కా. గింజ ఉండింది నా నోట్లో."